సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా: గాయపడ్డ కాలుతో మారథాన్ ఏడాది



జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ పొద్దుగాల ఐదింటికి ఏ కాలేజీ గ్రౌండుకైనా వెళ్లి చూడండి. మూడు రకాల మనుషులు పరుగెత్తుతూ కనిపిస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఆర్మీ ర్యాలీకో తయారయ్యే పిల్లలు మొదటి రకం. షుగరో బీపీయో బయటపడితే డాక్టరు మాట మీద నడక మొదలుపెట్టి, మెల్లగా పరుగులోకి దిగిన నడివయసు వాళ్లు రెండో రకం. ఈ మధ్య కొత్తగా కనిపిస్తున్నది మూడో రకం. హైదరాబాద్ వెళ్లి పది కిలోమీటర్లో, హాఫ్ మారథానో ఉరికొచ్చి, మెడలో మెడల్‌తో ఫొటో దిగి, వచ్చే ఏడు ఫుల్ మారథాన్ అని నలుగురిలో చెప్పేసిన వాళ్లు.

ముగ్గురినీ ఎప్పుడో ఒకప్పుడు కలిపేది కాలినొప్పి. నొప్పితో ఆగిపోయినా మనసులోంచి 42 కిలోమీటర్ల 195 మీటర్లు పోని మూడో రకం వాళ్ల కోసం ఈ ప్రసంగం. గాయం నుంచి కోలుకుంటూనే ఏడాది పాటు తయారు కావడం ఎట్లా అన్నది విషయం. నేను వైద్యుణ్ణి కాను. పరుగు మీద ఇష్టంతో చదివినదీ, ఈ ఊళ్లలో పరుగెత్తేవాళ్లను దగ్గరగా చూసి తెలుసుకున్నదీ చెబుతాను.

మామూలుగా మారథాన్‌కు తయారయ్యే మనిషి ముందు తేదీ చూసుకుంటాడు. ఫోనులో ఒక పదహారు వారాల పట్టిక దించుకుని, రేసు రోజు నుంచి వెనక్కి లెక్క కట్టి, ఈ ఆదివారం ఇన్ని కిలోమీటర్లని రాసుకుంటాడు. బాగున్న కాలుకు ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. దెబ్బతిన్న కాలుకు మాత్రం లెక్క ముందు నుంచే మొదలు కావాలి. ఈ రోజు ఆ కాలు ఎంత మోయగలదో అదే మొదటి గడి. రేసు తేదీ చివరికి తేలుతుంది.

ఎందుకంటే మన ఒంట్లో అన్నీ ఒకే వేగంతో కోలుకోవు. మూడు వారాలు పరుగు ఆపితే దమ్ము తగ్గుతుంది, నిజమే. మళ్లీ మొదలుపెడితే కొద్ది వారాల్లోనే గుండె, ఊపిరి దారిన పడతాయి. కండరం కూడా తొందరగానే తేరుకుంటుంది. ఎముకకూ, కండరాన్ని ఎముకకు కట్టిపడేసే టెండన్‌కూ అంత తొందర లేదు. వాటికి నెలలు కావాలి. కాబట్టి మళ్లీ పరుగు మొదలైన రెండో నెలలో ఒక ప్రమాదకరమైన కాలం వస్తుంది. దమ్ము పూర్తిగా వచ్చేసి ఉంటుంది, ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, ఇంకో ఐదు కిలోమీటర్లు కొడదామనిపిస్తుంది. కాలు మాత్రం ఇంకా సిద్ధం కాలేదు. తిరగబెట్టిన గాయాలు చాలామటుకు అప్పటివే.

ముందు గాయం ఏమిటో తేలాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి మోకాలి కింద, ముందు ఎముక వెంట వచ్చే నొప్పి. దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. ఉద్యోగాల పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. 2022 నోటిఫికేషన్‌లో పోలీసు పరుగు మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు అయింది. నోటిఫికేషన్ పడిందంటే మర్నాటికి గ్రౌండు నిండిపోతుంది. ఆర్నెల్లు కుర్చీలో కూర్చుని చదివిన కాళ్లు ఒక్కసారిగా రోజూ ఐదారు కిలోమీటర్లు ఉరుకుతాయి. మూడో వారానికి ఎముక సలపడం మొదలవుతుంది. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే కొంత నయం. వేలితో నొక్కినప్పుడు ఒక్క చోటే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. ఆ పగులు మొదటి రెండు మూడు వారాలు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని మర్నాడే గ్రౌండుకు పోవడం అందుకే ప్రమాదం.

రెండోది మడమ వెనక, పిక్క కింద తాడులా తగిలే అకిలిస్ టెండన్ నొప్పి. ముప్పై ఐదు దాటిన వాళ్లను ఇది ఎక్కువగా పట్టుకుంటుంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు బిగుసుకుపోయినట్టుంటాయి, నడవగా నడవగా సర్దుకుంటుంది, పరుగు మొదట్లో నొస్తుంది, మధ్యలో పోతుంది, అయిపోయాక మళ్లీ నొస్తుంది. మధ్యలో పోతుంది కదా అని చాలామంది దీన్ని నెలల తరబడి లెక్కచేయరు.

ఈ దశలో మన ఊళ్లలో జరిగేదేమిటో మీకూ తెలుసు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఒక సూది వేయించుకోవడం, లేకుంటే నూనెతో గట్టిగా మాలిష్ పట్టించుకోవడం. నొప్పి సూది వేయించుకుని అదే సాయంత్రం పరుగెత్తడమంటే కాలు చెప్పే మాట వినపడకుండా చేసుకోవడమే. అకిలిస్ టెండన్‌లోకి స్టెరాయిడ్ సూది అయితే అది తెగిపోయే ముప్పు కూడా ఉంటుంది. పగులున్న ఎముక మీద మాలిష్ సంగతి చెప్పనే అక్కర్లేదు. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. ఒకప్పుడు ఎముకల డాక్టరు కోసం కరీంనగర్ బస్సెక్కాల్సి వచ్చేది, ఇప్పుడా అవసరం తగ్గింది. అక్కడ చూపించుకోండి. ఫిజియోథెరపీ రాసిస్తే అది చేయించుకోండి. మాత్రలు కొనుక్కుని ఫిజియో కాగితాన్ని జేబులో మడిచి పెట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మడమ నొప్పికి ఇప్పుడు ప్రపంచమంతా చేయించే వ్యాయామం వెనక ఒక తమాషా కథ ఉంది. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకు స్వయంగా అకిలిస్ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే ఆయన పై అధికారి ఒప్పుకోలేదట. పూర్తిగా తెగిపోతే తప్పక చేస్తారు కదా, తెంపుకుందామని ఆయన మెట్టు అంచున నిలబడి, బరువు మోస్తూ మడమను కిందికి దించడం మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా, కొన్నాళ్లకు నొప్పే పోయింది. ఆ తరవాత పదిహేను మంది పరుగెత్తేవాళ్ల మీద పన్నెండు వారాలు ఇదే ప్రయోగించి 1998లో ఫలితం ప్రచురించాడు. పదిహేను మందీ తిరిగి పరుగులోకి వచ్చారు.

ఎట్లా చేయాలో చెబుతాను, రేడియో కాబట్టి ఊహించుకోండి. ఇంటి మెట్టు అంచున ముందరి పాదాల మీద నిలబడాలి, మడమలు గాల్లో ఉండాలి. రెండు కాళ్లతో పైకి లేవాలి. బాగున్న కాలు తీసేసి, నొప్పి ఉన్న కాలు ఒక్కదాని మీదే మడమను మెల్లగా మెట్టు కిందికి దించాలి. మళ్లీ రెండు కాళ్లతోనే పైకి లేవాలి. మోకాలు చాచి పదిహేనేసి చొప్పున మూడు విడతలు, మోకాలు కొంచెం మడిచి మరో మూడు విడతలు. పొద్దున, సాయంత్రం. మొత్తం రోజుకు నూట ఎనభై సార్లు, పన్నెండు వారాలు. తేలికైపోతే వీపు సంచిలో ఐదు కిలోల బియ్యం పెట్టుకోవచ్చు. నొప్పి టెండన్ మధ్యలో కాకుండా సరిగ్గా మడమ ఎముకకు అతుక్కునే చోట ఉంటే మాత్రం మెట్టు కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి. ఆ తేడా ఫిజియో చెప్పాలి. ఆ తరవాతి పరిశోధనల్లో అందరికీ ఇంత చక్కగా ఫలితం రాలేదు, వారానికి మూడు సార్లు పెద్ద బరువులతో నిదానంగా చేసే పద్ధతి కూడా ఇంతే పని చేస్తుందని తేలింది. రోజుకు నూట ఎనభై చేసే ఓపిక లేనివాళ్లకు అది మంచి కబురు.

చేసేటప్పుడు నొస్తే ఆపాలా అని అందరూ అడుగుతారు. స్వీడన్ పరిశోధకులే దీనికో కొలత ఇచ్చారు. సున్నా నుంచి పది దాకా నొప్పిని లెక్కపెట్టుకుంటే, చేసేటప్పుడు ఐదు దాకా ఉన్నా పరవాలేదు, మర్నాడు పొద్దుటికి అది తగ్గిపోవాలి, వారం వారం పెరగకూడదు. ఈ కొలత టెండన్‌కే. ఎముక నొప్పికి ఇది పనికిరాదు, ఎముకకు సున్నాయే కొలత.

ఇక క్యాలెండరు. నా లెక్క సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా. దేశంలో పెద్ద పరుగు ముంబయి మారథాన్, 2004లో మొదలైంది, జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. అంటే మన పండుగ వెళ్లిన వెంటనే. హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివరి ఆదివారం. మన దగ్గరి వాళ్లందరి కళ్లూ హైదరాబాద్ మీదే ఉంటాయి, బస్సెక్కితే నాలుగైదు గంటల్లో దిగుతాం కాబట్టి. గాయం నుంచి లేస్తున్న మనిషికి ఆగస్టు ఫుల్ మారథాన్ వద్దని నేను గట్టిగా చెబుతాను. దానికి పెద్ద పరుగులు ఏప్రిల్ నుంచి జూలై దాకా చేయాలి. మన జగిత్యాల ప్రాంతం రాష్ట్రంలోనే ఎక్కువ ఎండ కాసే చోట్లలో ఒకటి, మేలో పగలు 45 డిగ్రీలు దాటుతుంది, తెల్లవారుజామున కూడా ఉక్కపోత. దానికి తోడు హైదరాబాద్ దారంతా ఫ్లైఓవర్ల ఎక్కుడు దిగుడు. మడమకు అంతకంటే శత్రువు లేదు. జనవరి పరుగుకైతే పెద్ద పరుగులన్నీ దసరా నుంచి సంక్రాంతి లోపల, చల్లటి పొద్దుల్లో పడతాయి.

మొదటి మూడు నెలలు, జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, పరుగు మాటే లేదు. మెట్టు మీద మడమ వ్యాయామం, నడక, సైకిలు. తొడలకూ, పిరుదులకూ బలం కోసం వారానికి రెండు రోజులు. గుంజీలే చాలు, జిమ్ ఉంటే సరే. ఈ మూడు నెలల్లో మీ పని కూడా మీ శిక్షణలో భాగమేనని గుర్తు పెట్టుకోవాలి. సిరిసిల్లలో సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు నిలబడి చేసే అన్నకు ఆ నిలబడటమే పిక్కల మీద ఒక పెద్ద బరువు. షిఫ్టు దిగి నేరుగా పరుగుకు పోవద్దు, పడుకుని లేచాకే. చీరల ఆర్డరు ఒత్తిడి ఉన్న నెలల్లో కిలోమీటర్లు పెంచవద్దు. కోరుట్లలో బీడీలు చుట్టే అక్కకు ఇబ్బంది వేరు. చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా కూర్చోవడం వల్ల తుంటి, పిక్కలు బిగుసుకుపోతాయి. గంటకోసారి లేచి పది మడమలు ఎత్తి దించితే అది ఉచితంగా దొరికే చికిత్స. నాట్లు, కోతల రోజుల్లో పొలంలో వంగి పని చేసిన రైతు ఆ వారం పరుగు తగ్గించుకుంటే తప్పేమీ లేదు, ఒళ్లు దేన్నయినా పనిగానే లెక్కవేస్తుంది.

వేసవిలో మనకో సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ మారథాన్ శిక్షణ అనుకోరు. అది వ్యవసాయ బావి. నడుముకు ఈత బెండు కట్టుకుని, కాళ్లు అడుగు తగలని లోతులో నిలువుగా ఉండి పరుగెత్తినట్టే కాళ్లాడించడాన్ని బయటి దేశాల్లో గాయపడ్డ అథ్లెట్లు ఈతకొలనుల్లో చేస్తారు. కాలు మీద దెబ్బ పడదు, దమ్ము నిలబడుతుంది. ఈత వచ్చినవాళ్లే, గట్టున మరొకరు ఉన్నప్పుడే, మెట్లున్న బావిలోనే. ఏటా వేసవిలో బావుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు వింటూనే ఉన్నాం కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో మనకు ఇంకొకటి ఉంది, కొండగట్టు. చిన్న హనుమాన్ జయంతి, పెద్ద హనుమాన్ జయంతి రోజులకు దీక్ష స్వాములు చెప్పుల్లేకుండా ఎక్కడెక్కడి నుంచో నడిచి వస్తారు. మన మూడు పట్టణాల నుంచీ కుర్రాళ్లు వెళతారు, వాళ్లలో పరుగెత్తేవాళ్లూ ఉంటారు. అకిలిస్ నొప్పి ఉన్న మనిషికి మడమ కింద కొంచెం ఎత్తు ఉంటే ఉపశమనం, వట్టి పాదం టెండన్‌ను పూర్తిగా సాగదీస్తుంది. నలభై ఒక్క రోజుల దీక్ష, ఆ మీద తారు రోడ్డు మీద పాదయాత్ర ఈ ఏడాదికి వాయిదా వేసుకోవాలా లేదా అన్నది మీకూ స్వామికీ మధ్య విషయం. వాయిదా వేసుకోకపోతే మాత్రం ఆ నెలన్నర మీ చికిత్స వెనక్కి పోతుందని లెక్కలో రాసుకోండి.

చెప్పుల్లేని పరుగు అనగానే అబెబె బికిలా పేరు చెబుతారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఈ ఇథియోపియా సైనికుడు వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు. 1964లో టోక్యోలో మళ్లీ గెలిచాడు, ఈసారి బూట్లతో, అపెండిసైటిస్ ఆపరేషనై ఆరు వారాలు కూడా కాకముందే. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ 1984లో మోకాలి ఆపరేషనైన పదిహేడో రోజున తమ దేశ ఎంపిక పరుగు గెలిచి, ఆ ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్ల తొలి ఒలింపిక్ మారథాన్‌లో స్వర్ణం తెచ్చుకుంది. ఇవి వింటే ఒళ్లు పొంగుతుంది. కానీ వాళ్ల వెనక ఏళ్ల తరబడి పోగుపడిన పరుగు ఉంది. మనకు దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ. 2025 మేలో గుమిలో ఆసియా హర్డిల్స్ స్వర్ణం నిలబెట్టుకుంది. ఆ తరవాత కొన్ని వారాలకే మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్స చేయించుకుని, సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీలకు దూరంగా ఉండిపోయింది. ప్రపంచ పోటీలు వదులుకున్న ఆమెను చూశాక మనం ఒక ఆగస్టు ఆదివారం వదులుకోలేమా?

మే నుంచి పరుగు, అదీ షరతు మీద. అరగంట చురుగ్గా నడిచినా మర్నాడు నొప్పి లేకపోవాలి, ఒంటికాలి మీద ఇరవై సార్లైనా మడమ ఎత్తగలగాలి. అప్పుడు నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, ఇట్లా ఆరు సార్లు, రోజు విడిచి రోజు. ఎండ ఎక్కకముందే ఐదింటికి మొదలుపెట్టి ఐదున్నరకు ముగించేయాలి. వారం వారం నడక తగ్గుతూ పరుగు పెరుగుతుంది. మిరుగం వచ్చి నాలుగు చినుకులు పడేసరికి ఆగకుండా అరగంట పరుగెత్తగలిగితే దారిలో ఉన్నట్టే. వేగం గురించి అడగకండి. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి, అంతే. పక్కన ఎవరూ లేకపోతే ఫోనులో ఇంటికి మాట్లాడండి, ఆయాసం వాళ్లకు వినపడకూడదు.

జూన్, జూలైలు ఓపికకు పరీక్ష. ఏడాదిని భాగాలు చేసి, మొదట నెలల తరబడి నిదానమైన పరుగుతో పునాది, ఆ తరవాత గుట్టలు, చివర్లో వేగం అన్న క్రమాన్ని లోకానికి నేర్పినవాడు న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్. బికిలా వట్టి కాళ్లతో గెలిచిన ఆ రోమ్ పరుగులోనే లిడియార్డ్ శిష్యుడు బారీ మేగీ కాంస్యం తెచ్చుకున్నాడు. లిడియార్డ్ పద్ధతిలో మనకు కావలసింది క్రమమే. వారానికి నూరు మైళ్లని ఆయన చెప్పిన లెక్క జోలికి మనం పోవద్దు. వారానికి నాలుగు రోజులు, మొత్తం ముప్పై కిలోమీటర్లు దాటకుండా, మెత్తటి నేల మీద. వరద కాలువ కట్ట, కాకతీయ కాలువ కట్ట, సిరిసిల్ల వాళ్లకు కొత్తచెరువు గట్టు ఇందుకు బాగుంటాయి. వానకు జారుతాయి, అది చూసుకోవాలి. కొండగట్టు ఘాట్ రోడ్డు ఎక్కడం లాంటి సాహసాలు అక్టోబరు దాకా వద్దు.

ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ వెళ్లండి, పది కిలోమీటర్లకు. ఆ జనాన్ని చూస్తే ఫుల్ మారథాన్ ఉరికేవాళ్ల మీద కుళ్లు పుడుతుంది. పుట్టనివ్వండి.

అక్కణ్ణుంచి అసలు లెక్క. వారం వారం పది శాతానికి మించి పెంచకూడదన్న సూత్రం అందరూ చెబుతారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాళ్లను రెండు జట్లు చేసి చూశారు. పది శాతం సూత్రం పాటించిన జట్టులోనూ, పాటించని జట్టులోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి గాయమైంది. 2008లో ఈ ఫలితం వచ్చింది. 2025లో డెన్మార్క్ పరిశోధకులు ఐదు వేల మందికి పైగా పరుగెత్తేవాళ్ల గడియారాల లెక్కలు చూసి ఇంకో కోణం పట్టుకున్నారు. ప్రమాదం వారం మొత్తంలో కంటే ఒక్క పరుగులోనే ఎక్కువ. గడిచిన ముప్పై రోజుల్లో మీరు చేసిన అతి పెద్ద పరుగు కంటే ఈ రోజు పరుగు పది శాతం దాటితే గాయం ముప్పు పెరుగుతోంది. ఇది మన ఆదివారాలకు చక్కగా పనికొచ్చే మాట.

ఆగస్టు చివర మీ పెద్ద పరుగు పది కిలోమీటర్లు. ఒక్కో అంచెకు పది శాతం చొప్పున పెంచితే పదకొండు, పన్నెండు దాటి, ఎనిమిదో అంచెకు ఇరవై ఒకటి, పన్నెండో అంచెకు ముప్పై ఒకటి. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించుకుంటే పన్నెండు అంచెలకు పదహారు వారాలు. అంటే డిసెంబరు మూడో వారానికి ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఫుల్ మారథాన్‌కు శిక్షణలో అంతకంటే పెద్ద పరుగు అక్కర్లేదు. ఆ తరవాత నాలుగు వారాలు తగ్గించుకుంటూ పోతే జనవరి మూడో ఆదివారం. సరిగ్గా సరిపోయింది, ఒక్క వారం కూడా మిగల్లేదు. మిగల్లేదు కాబట్టే చెబుతున్నాను, మధ్యలో జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి పడినా, మడమ మళ్లీ మూలిగినా పోయిన వారాన్ని తరవాతి వారంలో కలిపి కొట్టకండి. ముంబయి వదిలేసి ఫిబ్రవరి చివర జరిగే ఢిల్లీ మారథాన్‌కు జరపండి. తేదీ జరుగుతుంది, టెండన్ జరగదు.

అక్టోబరు చివరి నుంచి పెద్ద పరుగులకు దారి కావాలి. జగిత్యాల నుంచి కోరుట్ల ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, చూడ్డానికి హాఫ్ మారథాన్‌కు కొలిచి వేసినట్టే ఉంటుంది. ఆ 63వ నంబరు జాతీయ రహదారి మీద చీకట్లో పరుగెత్తవద్దు. 1911లో పుట్టి, నూరేళ్ల వయసులో 2011లో టొరంటో మారథాన్ పూర్తి చేసిన ఫౌజా సింగ్ 2025 జూలైలో సొంత ఊరు దగ్గర రోడ్డు దాటుతుంటే కారు గుద్ది పోయాడు. అన్ని దేశాల మారథాన్లు ఏమీ చేయలేని మనిషిని మామూలు రోడ్డు తీసుకుపోయింది. మన రోడ్ల మీద కోతల కాలంలో ఇంకో చిక్కు. సగం రోడ్డు వడ్లు, మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటాయి. వాహనాలన్నీ మిగతా సగంలోకి వస్తాయి. గింజల మీద కాలు పడితే చీలమండ మెలిక పడుతుంది. ఎదురుగా వచ్చే బండ్లు కనపడేట్టు కుడి పక్కన, మెరిసే పట్టీ ఉన్న చొక్కాతో, వెలుతురు వచ్చాకే. కుక్కల సంగతి మీకు నేను చెప్పాలా? నలుగురు కలిసి వెళ్లడమే దానికి మందు.

తిండి గురించి పెద్దగా చెప్పను. పగిలిన ఎముకతో, అరిగిన టెండన్‌తో ఉన్నప్పుడు బరువు తగ్గాలని కడుపు మాడ్చుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అరవై కిలోల మనిషికి రోజుకు ఎనభై ఐదు, తొంభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములే. పప్పు, పెరుగు, కోడికూర కలిస్తే గానీ లెక్క కుదరదు. వంద గ్రాముల తైదల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, కాబట్టి పొద్దున తైద అంబలి తాగే అలవాటు ఇంట్లో ఉంటే దాన్ని పోగొట్టుకోకండి. రేసు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మాత్రం మానండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్ర కిడ్నీల మీద పడుతుంది.

ఆడవాళ్లకు రెండు మాటలు. శిక్షణ మొదలయ్యాక మూడు నెలలు నెలసరి రాకపోతే అది తిండి చాలడం లేదని ఒళ్లు చెప్పడం, ఆ వెనకే ఎముక పగుళ్లు రావచ్చు. వెంటనే డాక్టరును కలవండి. బట్టల గురించి ఊరేమంటుందోనన్న బెరుకు ఉంటే, 2017 హైదరాబాద్ మారథాన్‌లో జయంతి సంపత్‌కుమార్ చేనేతకు ప్రచారంగా చీరకట్టుతోనే ఐదు గంటల లోపు మొత్తం 42 కిలోమీటర్లు పరుగెత్తిందని గుర్తు చేసుకోండి. చీరలు నేసే సిరిసిల్లలో ఈ సంగతి ఎక్కువ మందికి తెలియకపోవడం వింతే. చీరలోనే పరుగెత్తమని నేననడం లేదు. ఏ బట్టలైనా సరే, గ్రౌండు మీదే కదా.

గల్ఫ్‌లో ఉండి ఫోనులో ఈ ప్రసంగం వింటున్న మన తమ్ముళ్లకు కూడా ఇదే క్యాలెండరు సరిపోతుంది. యూఏఈ, సౌదీల్లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం బయటి పనే నిషేధం, పరుగు మాటెందుకు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ మంచి కాలం, దుబాయ్ మారథాన్ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. సెలవు మీద వేసవిలో ఇంటికొచ్చి, మిత్రులతో పందెం వేసుకుని మైదానంలో ఉరకడం మాత్రం వద్దు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికే పది పద్నాలుగు రోజులు పడుతుంది.

చివరిగా డబ్బు సంగతి. ముంబయి మారథాన్‌కు పేర్లు నమోదు చేసుకోవడం సాధారణంగా ఆగస్టు ప్రాంతంలో మొదలవుతుంది. పాత పరుగుల టైమింగ్ సర్టిఫికెట్ అడగవచ్చు, నియమాలు ముందే చదువుకోండి. కట్టిన రుసుము తిరిగి రాదు, ఆ డబ్బు పోతుందన్న బాధతోనే నొప్పితో పరుగెత్తినవాళ్లున్నారు. కాబట్టి ఇప్పుడే కట్టకండి. ఆగస్టు నాటికి ఆగకుండా గంటసేపు పరుగెత్తి, మర్నాడు పొద్దున మంచం దిగినప్పుడు మడమ నొప్పి లేకుండా నాలుగడుగులు వేయగలిగితే కట్టండి. లేకపోతే ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కుని, మళ్లీ సంక్రాంతి నుంచి లెక్క మొదలుపెట్టండి.